ప్లేటు మీద పేరు

గ్రామఫోన్ రికార్డును మా వైపు ప్లేటు అనేవాళ్ళు. 'కుక్కబొమ్మ ప్లేటు' అంటే హెచ్.ఎం.వి. అని చదువురాని వాళ్ళకి కూడా తెలుసు. పాత ప్లేట్లు పోగుచేసే మగవాళ్ళను చాలామందిని చూశాను. ప్లేటు చేతికి రాగానే వెలుతురుకి వాల్చి గీతలు పడ్డాయా, అంచు పగిలిందా, మొదటి ముద్రణేనా, ఎంతకు పోతుంది అని చూస్తారు. ముప్ఫై ఏళ్ళ నుంచీ పోగుచేస్తున్నా నా చూపు మాత్రం ముందు మధ్యలో ఉన్న గుండ్రటి కాగితం మీదికే పోతుంది. పాడినామె పేరు ఉందా? ఉంటే ఏమని ఉంది? మిస్ అనా, బాయి అనా, శ్రీమతి అనా, దేవి అనా? ఊరిపేరుతో ఉందా, ఇంటిపేరుతో ఉందా? అసలు పేరే లేకుండా 'బృందం' అని సరిపెట్టారా? చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికినదాన్ని. ఆ మూడంగుళాల కాగితం నాకు శాసనం లాంటిది. దాని మీద ఎవరి పేరు చెక్కారు, ఎవరి పేరు చెక్కలేదు అన్న దగ్గరే ఆడవాళ్ళ చరిత్ర మొదలవుతుందని నాకనిపిస్తుంది.

ఉద్యోగరీత్యా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు ఊళ్ళలోనూ పనిచేశాను. అప్పుడవన్నీ వరంగల్ జిల్లాలోవే. 2016 అక్టోబరులో మూడూ మూడు జిల్లాలయ్యాయి. ప్లేట్లు ఏ ఊళ్ళో ఏవి దొరుకుతాయన్నది రైలుపట్టాల్ని బట్టి ఉంటుందని ఈ బదిలీల్లోనే తెలిసింది. జనగామ సికింద్రాబాద్ లైను మీద ఉంది. అక్కడి పాత ఇళ్ళలో ఉర్దూ గజళ్ళు, ఖవ్వాలీలు బయటపడేవి. మానుకోటది బెజవాడ లైను. అక్కడ నాటకాల పద్యాలు, మద్రాసులో ముద్రించిన తెలుగు పాటలు. భూపాలపల్లికి రైలు లేదు. అక్కడ ఇళ్ళలో ప్లేట్లు దొరకలేదు. మైకుసెట్టు వాళ్ళ దగ్గర దొరికాయి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు మొదటి గొంతుల గురించి. గ్రామఫోన్ అండ్ టైప్‌రైటర్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902 నవంబరులో కలకత్తాలో మనదేశపు పాటలు రికార్డు చేయడం మొదలుపెట్టాడు. మొదట పాడినవాళ్ళు శశిముఖి, ఫణిబాల అనే ఇద్దరు నాటకశాల అమ్మాయిలు. కొన్ని రోజుల తర్వాత గౌహర్ జాన్ వచ్చింది. పాట అయిపోగానే తన పేరు తానే ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. ఆ మైనపు పళ్ళేలు జర్మనీలోని హానోవర్‌కి పోయి అక్కడ ప్లేట్లయ్యేవి. లేబుల్ అంటించేవాడికి ఎవరి పాటో తెలియాలి కదా. అందుకోసం పెట్టుకున్న ఏర్పాటు అది. కారణం ఏదైతేనేం, ఒక తవాయిఫ్ తన పేరు తన నోటితో చెప్పుకున్న ధ్వని నూట ఇరవై ఏళ్ళ తర్వాత కూడా వినిపిస్తోంది. అప్పటి సంస్కర్తల ఉపన్యాసాల్లో ఈ స్త్రీల ప్రస్తావన 'వేశ్యలు', 'భోగంవారు' అనే బహువచనంలోనే ఉండేది. ప్లేటు మీద మాత్రం ఏకవచనం, సొంత పేరు.

మొదటి ప్లేట్ల మీద ఇలాంటి స్త్రీలే ఎందుకున్నారు? గొంతు పోతుందనీ, తమ విద్య బజారున పడుతుందనీ చాలామంది ఉస్తాదులు వెనకాడారు. సంసార స్త్రీలు నలుగురిలో పాడటమే తప్పు. మిగిలింది పాటే జీవనోపాధిగా ఉన్న స్త్రీలు. మద్రాసు వైపూ ఇదే కథ. సేలం గోదావరి, కోయంబత్తూరు తాయి లాంటి వాళ్ళు 1900ల తొలి దశాబ్దంలోనే ప్లేట్లకెక్కారు. గోదావరి పాడినవాటిలో త్యాగరాజు తెలుగు కృతులున్నాయి. తెలుగు మాట మొదట ప్లేటు మీదికి వెళ్ళిన ఆ రోజుల్లో దాన్ని మోసిన గొంతుల్లో తమిళదేశపు దేవదాసీలవీ ఉన్నాయన్న మాట మన సాహిత్య చరిత్రల్లో ఎక్కడా కనబడదు. తాయి ప్లేటు ఒకటి విని ఫ్రెంచి సంగీతకారుడు మారిస్ దలాజ్ 'రాగమాలిక' అనే రచన చేశాడు. పారిస్‌ దాకా పోయిన గొంతు ఎవరిదో కోయంబత్తూరులోనే మరిచిపోయారు.

బెంగుళూరు నాగరత్నమ్మ పేరు మనకి ముద్దుపళని వల్ల తెలుసు. 'రాధికా సాంత్వనము' పూర్తి పాఠాన్ని 1910లో వావిళ్ళవారి చేత అచ్చువేయించిందనీ, అశ్లీలమని ప్రభుత్వం 1911లో దాన్ని నిషేధించిందనీ స్త్రీవాద సాహిత్యం చదివేవాళ్ళందరికీ తెలుసు. ఆమె ప్లేట్లు కూడా ఇచ్చిందన్నది మాత్రం అంతగా తెలియదు. పుస్తకం నిషేధించినవాళ్ళు ప్లేటును నిషేధించలేదు. బహుశా ప్లేటు మీది స్త్రీ గొంతు వాళ్ళకి ప్రమాదం అనిపించలేదేమో. వినోదం కిందికే వచ్చింది.

లేబుల్ మీది మాటల్లో కులం ఎలా పలుకుతుందో చూడండి. కలకత్తా ప్లేట్ల మీద భద్రలోక గాయకులు పేరు పక్కన 'అమెచ్యూర్' అని వేయించుకునేవాళ్ళు. లాల్‌చంద్ బొరాల్ అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. నేను పాటకి డబ్బు తీసుకునే జాతివాణ్ణి కాను అని చెప్పుకోవడమన్నమాట. ఆడవాళ్ళ పక్కన 'మిస్' ఉంటే వృత్తి గాయని అని అర్థం. అందులో పెళ్ళి కాలేదన్న గౌరవం ఏమీ లేదు. ఇరవై ముప్ఫై ఏళ్ళు గడిచేసరికి మిస్సులూ బాయిలూ తగ్గి శ్రీమతులూ దేవులూ పెరిగారు. గౌరవనీయ కుటుంబాల స్త్రీలు స్టూడియోకి రావడం మొదలైంది. ఇదొక విజయమే. కానీ ఎవరు దారి వేశారో వాళ్ళనే ఆ దారిలోంచి పక్కకి నెట్టేశారన్నదీ నిజమే. నా దగ్గరున్న ప్లేట్లను తేదీల వరసలో పేరిస్తే ఈ మార్పు కళ్ళకి కడుతుంది.

జనగామలో ఒక పాత ఇంట్లోంచి రెండు ప్లేట్లు కలిసి దొరికాయి. ఒకదాని మీద 'అఖ్తరీబాయి ఫైజాబాదీ', ఇంకోదాని మీద 'బేగం అఖ్తర్'. ఇద్దరు వేరువేరు గాయనులనుకుని ఆ ఇంటివాళ్ళు విడివిడిగా పెట్టుకున్నారు. 1945లో లక్నో బారిస్టరును పెళ్ళి చేసుకుని ఆమె పాట మానేసింది. పాట లేక జబ్బుపడితే 1949లో మళ్ళీ పాడనిచ్చారు. తిరిగొచ్చినప్పుడు 'బాయి' పోయి 'బేగం' వచ్చింది. గొంతు అదే. పాత ప్లేటు మీది పేరుకి ఊరుంది, వృత్తి ఉంది. కొత్త ప్లేటు మీది పేరుకి సంసారం ఉంది. ఆ నాలుగేళ్ళ మౌనానికి మాత్రం ప్లేటు లేదు. మౌనాన్ని ఎవరు రికార్డు చేస్తారు? మన రావు బాలసరస్వతీదేవి కథ కూడా ఇంచుమించు అంతే. చిన్నపిల్లగా ఉన్నప్పుడే ప్లేటు ఇచ్చింది, 1943లో 'భాగ్యలక్ష్మి'లో తెలుగు సినిమాకి తొలి నేపథ్యగాయనల్లే పాడింది, లలితసంగీతానికి ఒక ఒరవడి పెట్టింది. కోలంక జమీందారింటి కోడలయ్యాక, 1950లు దాటేసరికి కొత్త ప్లేట్ల మీద ఆ పేరు అరుదైపోయింది. 2025లో ఆమె పోయినప్పుడు పత్రికలు వేసిన పాటల జాబితాలు చూస్తే, ఆ పాటలు ఎంత కొద్ది ఏళ్ళలో పాడినవో అర్థమై దిగులేసింది.

సినిమా ప్లేట్లు ఇంకో చోద్యం. తొలిరోజుల్లో తెర మీది పాత్ర పేరే లేబుల్ మీద వేసేవాళ్ళు. 1949లో వచ్చిన హిందీ 'మహల్' ప్లేటు మీద గాయని పేరున్న చోట కథానాయిక పాత్ర పేరు 'కామిని' అని ఉంది. పాడింది లతా మంగేష్కర్. పాడినవాళ్ళ పేరు వేయాలని ఆ తర్వాత ఆమె పట్టుబట్టింది కాబట్టి సరిపోయింది. పట్టుబట్టే స్థితి లేనివాళ్ళ సంగతేమిటి? పాట వెనకాల కోరస్‌లో నిలబడినవాళ్ళు 'బృందం' అయిపోయారు. నా దగ్గరున్న తెలుగు ఈపీల్లో 'బృందం' అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడం మొదలుపెట్టి విసుగొచ్చి మానేశాను.

దీనికి ఎదురుకథ మానుకోటలో దొరికింది. స్థానం నరసింహారావు ప్లేటు. స్త్రీ పాత్రలు వేసి పేరుతెచ్చుకున్న ఆయన గొంతులో 'మీరజాలగలడా' వింటే ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. 1966లో 'శ్రీకృష్ణ తులాభారం' సినిమాలో జమునకి సుశీల పాడింది. ముందు మగవాడు స్త్రీ కోసం తయారుచేసిన వయ్యారాన్ని తర్వాత స్త్రీ నేర్చుకుని పాడింది. సత్యభామ ఎలా అలగాలో, ఎలా గర్వించాలో ఒక మగ గొంతు ముందే ఖాయం చేసిపెట్టింది. జనగామ పక్కన మాణిక్యాపురం నుంచి వచ్చిన చుక్క సత్తయ్య ఒగ్గుకథలోనూ ఆడవేషం మగవాళ్ళదే. కళ గొప్పదే. అయినా ఆడవాళ్ళు పొలంలో, ఇసుర్రాయి దగ్గర, బతుకమ్మ చుట్టూ పాడేది 'పని' కిందా 'పండుగ' కిందా పోతుంటే, మగవాడు చీర కట్టుకుని పాడితే కళ ఎందుకవుతుందో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ప్లేటు దేంతో చేస్తారో తెలిశాక నా పిచ్చి ఇంకా ముదిరింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత నల్లప్లేటు ప్లాస్టిక్ కాదు, లక్క. లక్కలో రాతిపొడి, మసి కలిపి ఒత్తేవాళ్ళు. అందుకే కిందపడితే కుండపెంకుల్లా పగులుతుంది. అమెరికాలో 1948లో లాంగ్‌ప్లే వచ్చాక వినైల్ అనే మెత్తటి ప్లాస్టిక్ దాని స్థానంలోకి వచ్చింది. మనదగ్గర చిన్న ఈపీలు, పెద్ద ఎల్పీలు ఆ రకానివే. లక్క మాత్రం చెట్టు మీది పురుగు ఇచ్చేది, అందులోనూ ప్రధానంగా ఆడపురుగు. మోదుగ, రేగు, పుసుగు లాంటి చెట్ల కొమ్మలకి అతుక్కుని తన చుట్టూ, తన పిల్లల చుట్టూ ఆ జిగురు గూడు కట్టుకుని అందులోనే చచ్చిపోతుంది. ప్రపంచానికి లక్క ఎక్కువగా మనదేశం నుంచే పోయేది. ముఖ్యంగా ఛోటానాగపూర్ అడవుల్లోంచి, ఆదివాసుల చేతుల్లోంచి. 1942లో యుద్ధం వల్ల లక్క అందక అమెరికాలో ప్లేట్ల తయారీకి కోత పెట్టారు. భూపాలపల్లి నుంచి మేడారం పోయే దారిలో మాఘమాసంలో మోదుగ పూసినప్పుడు బస్సు కిటికీలోంచి చూస్తూ అనుకునేదాన్ని. ఈ జాతి చెట్టు జిగురు మీద కలకత్తా, లండన్, న్యూయార్క్ గొంతులన్నీ అచ్చయ్యాయి. ఈ చెట్ల కింద పాడే ఆడవాళ్ళ గొంతు మాత్రం దాని మీదికి రాలేదు.

మైకుసెట్టు సంగతి చెబుతానన్నాను కదా. పల్లెల్లో ప్లేట్లు కొనేవాళ్ళు ఎందరు? ఒక దొర, ఒక పట్వారీ, పట్నంలో ఒక డాక్టరు. మిగతా ఊరంతా విన్నది రెండు చోట్లే. ఒకటి టూరింగ్ టాకీసు. ఆట మొదలయ్యే ముందు డేరా పైన కట్టిన మైకులోంచి పాటలు వేసేవాళ్ళు. ఆ పాటలే ఆడవాళ్ళకి గడియారం. ఫలానా పాట వచ్చిందంటే ఇంక రెండు పాటలకి ఆట మొదలు, ఈలోపు పొయ్యి ఆర్పి పిల్లను చంకనేసుకోవాలి. రెండోది పెళ్ళికీ, జాతరకీ వచ్చే మైకుసెట్టు. భూపాలపల్లి చుట్టుపక్కల అలాంటి ముగ్గురి దగ్గర నేను ఈపీలు కొన్నాను. క్యాసెట్లు వచ్చాక అవి అటకెక్కాయి. ప్రతి కవరు మీదా ఆ మైకుసెట్టాయన పెన్సిలుతో తన గుర్తులు రాసుకున్నాడు. సినిమా పేరు, సంగీత దర్శకుడి పేరు ఆయనకి అక్కర్లేదు. 'పెండ్లి', 'అప్పగింతలు', 'భోజనాలు', 'దినాలు', 'వినాయకుడు'. గ్రంథాలయాల్లో వాడే ఏ వర్గీకరణా దీనికి సాటిరాదు. ఒక జిక్కి పాట ఈపీ మీద 'ఆడోళ్ళు అడుగుతరు' అని ఉంది. అట్లాంటివి మొత్తం పదకొండు దొరికాయి. ఎన్నడూ చీటీ రాసి పంపని, వేదిక ఎక్కని ఆడవాళ్ళు ఆ మైకుసెట్టు దగ్గరికి ఒక పిల్లవాణ్ణి పంపి 'గా పాట మల్లెయ్యమను' అని అడిగిన సాక్ష్యం అది. స్త్రీల అభిరుచుల చరిత్ర రాసేవాళ్ళకి ఇంతకంటే మంచి ఆధారం నేనైతే చూడలేదు.

జాతర అన్నాను కాబట్టి రికార్డింగ్ డాన్సు మాట కూడా చెప్పాలి. ప్లేటు వేసి దానికి ఆడించేవాళ్ళు కాబట్టి ఆ పేరు. ప్లేటు పోయింది, క్యాసెట్టు వచ్చి పోయింది, సీడీ పోయింది. ఆడే అమ్మాయి వెనక ఇప్పుడు పెన్‌డ్రైవ్ ఉంది. పేరు మాత్రం రికార్డుదే మిగిలింది. మనందరం ప్లేట్లను 'పాతకాలపు మాధుర్యం' అని మురిసిపోతాం కదా, ఆ మాటలో ఈ అమ్మాయిలు లేరు. అదే పాటకి ఇంట్లో సోఫాలో కూర్చుని తాళం వేస్తే సంస్కారం, జాతరలో ఆడితే బూతు. కేసులు ఆడేవాళ్ళ మీద, చప్పట్లు చూసేవాళ్ళవి.

ఇదే మైకులోంచి తెల్లవారుజామున వచ్చేది సుప్రభాతం. 1963లో హెచ్.ఎం.వి. తెచ్చిన ఎల్పీ. దాని రాయల్టీని ఎం.ఎస్. సుబ్బులక్ష్మి తిరుమల వేదపాఠశాలకి ఇచ్చేసింది. ఆమె తల్లి మదురై షణ్ముఖవడివు దేవదాసీ సంప్రదాయం నుంచి వచ్చిన వైణికురాలు. కూతురు పదేళ్ళప్పుడే, 1926లో, మొదటి ప్లేటు ఇచ్చింది. వేదం చదవడానికి స్త్రీ గొంతు పనికిరాదన్న చోట దేవుణ్ణి నిద్రలేపడానికి పనికొచ్చింది. వేదపాఠశాలలో మగపిల్లలు చదువుకోవడానికి ఆ గొంతు సంపాదన కూడా పనికొచ్చింది. మానుకోటలో మా పక్కింటి పెద్దావిడ రోజూ ఆ పాటకి లేచి వాకిలి ఊడ్చేది. 'ఆమె దేవుణ్ణి లేపుతది, దేవుడు నన్ను లేపుతడు, నేను ఇంటోళ్ళను లేపుత' అనేది నవ్వుతూ.

ఇక జానపదం. ఇక్కడికొచ్చేసరికి నాకు సీత-అనసూయల మీద ప్రేమా పేచీ రెండూ ఉన్నాయి. కాకినాడ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన అక్కచెల్లెళ్ళు వింజమూరి అనసూయ, సీత. దేవులపల్లి కృష్ణశాస్త్రి మేనకోడళ్ళు. కర్ణాటక సంగీతం నేర్చిన ఆడపిల్లలు కూలివాళ్ళ పాటలు వేదిక మీద పాడటమేమిటని వెక్కిరించే కాలంలో ఆ పాటల్ని సేకరించి, స్వరపరచి, పాడి గౌరవం తెచ్చారు. అది చిన్న సాహసం కాదు. 1979లో తీసిన 'మాభూమి'కి సంగీతం చేసింది వింజమూరి సీతే. తెలంగాణ పోరాటం మీద తీసిన సినిమాలో సుద్దాల హనుమంతు పాట సంధ్య గొంతులో మోగిందంటే అందులో ఆమె చేయి ఉంది. పేచీ వాళ్ళతో కాదు, లేబుల్‌తో. జానపద పాటల ప్లేటు మీద పాడినవాళ్ళ పేరుంటుంది, సంగీతం కూర్చినవాళ్ళ పేరుంటుంది, రచన అన్న చోట 'జానపదం' అనో 'ట్రెడిషనల్' అనో ఉంటుంది. ఆ పాటను నాట్లు వేస్తూ కట్టినామెకి, సేకరించే వాళ్ళకి కూర్చుని పాడి వినిపించినామెకి కాగితం మీద చోటు లేదు. పాట పుట్టుక ఎప్పుడో తెలియకపోవచ్చు, ఒప్పుకుంటాను. ఈ పాట ఫలానా ఊళ్ళో ఫలానా ఆమె నోట విన్నామని రాయడానికి ఏం అడ్డొచ్చింది? కంపెనీకి పేరు అంటే హక్కు, హక్కు అంటే డబ్బు.

జనగామ ప్రాంతం పోరాటకాలంలో పాటలతో మండిపోయింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలిచి తన పంటను తాను ఇంటికి చేర్చుకుంది. ఉయ్యాల పాటలు పాడి ఆడవాళ్ళను కదిలించిన మల్లు స్వరాజ్యం, కృష్ణా వైపు మహిళా బుర్రకథ దళం నడిపిన మోటూరి ఉదయం, పాటలు పాడిన కొండపల్లి కోటేశ్వరమ్మ. ఆ రోజుల్లోనే మద్రాసులో ప్లేట్లు వేలకొద్దీ తయారవుతున్నాయి. ఈ గొంతులున్న ఆనాటి ప్లేటు ఒక్కటి కూడా నా చేతికి రాలేదు. నిషేధం ఉన్న పాటను ఏ కంపెనీ ముద్రిస్తుంది? వాళ్ళ గొంతుకి మొదట చోటిచ్చింది టేపు. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు ఊరూరా తిరిగి ఐలమ్మతో, స్వరాజ్యంతో, ఇంకా ఎందరితోనో మాట్లాడి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. ఆ పుస్తకం చదివాకే నేను ప్లేట్ల మీద లేనివాళ్ళ కోసం వెతకడం మొదలుపెట్టాను. అంతవరకూ మంచి పాట దొరికితే చాలనుకునేదాన్ని.

ప్లేట్ల సేకరణకి మన దేశంలో పెద్దలున్నారు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు వేలకొద్దీ 78లు కూడబెట్టి వాటి మీద తెలుగులో రాశారు. మైకేల్ కిన్నియర్ గ్రామఫోన్ కంపెనీ తొలి భారతీయ రికార్డుల పట్టికను 1994లో పుస్తకంగా తెచ్చాడు. సురేశ్ చాంద్వణ్‌కర్ 1990లో ముంబైలో రికార్డు సేకర్తల సంఘం నడపడం మొదలుపెట్టారు. వీళ్ళ పని లేకపోతే నాలాంటిదానికి గోదావరి ఎవరో, తాయి ఎవరో తెలిసేది కాదు. కానీ ఈ లోకం మగవాళ్ళదే. దానికి కారణం అభిరుచి కాదు, దారి. పాత ఇనుప సామాన్ల కొట్టులో గోనెసంచుల మీద కూర్చుని మధ్యాహ్నమంతా వెతకగలగాలి. మైకుసెట్టు కొట్టు అరుగు మీద చాయ్ తాగుతూ కబుర్లు చెప్పగలగాలి. ఎర్రగడ్డ ఆదివారం సంతకి పొద్దున్నే చేరగలగాలి. మొదట్లో నేను కొట్టుకి పోతే 'సార్ రాలేదా మేడం?' అనేవాళ్ళు. ఏ సారో నాకు తెలియదు. ఇంట్లోనూ అంతే. మగవాడు చెత్త తెస్తే 'ఆయనకి అదో పిచ్చి' అని ముచ్చటగా చెప్పుకుంటారు. ఆడది తెస్తే ఇల్లు పట్టించుకోదని లెక్క. జీతం నాదే కాబట్టి నేను నెగ్గాను.

చివరగా మానుకోట దగ్గరి ఒక తండా పక్క ఊళ్ళో జరిగింది చెప్పాలి. 2004లో అనుకుంటా. నా విద్యార్థిని నాయనమ్మకి పాటలు బాగా వచ్చంటే బ్యాటరీతో నడిచే ప్లేయరు, రెండు మూడు ఈపీలు తీసుకుని పోయాను. జానపద గీతాల ఈపీ వేశాను. ఇసుర్రాయి పాట. పెద్ద గాయని, చక్కటి వాద్యాలు. ఆమె తల పక్కకి వంచి విన్నది. రెండున్నర నిమిషాల్లో పాట అయిపోయింది. సూది గీసుకుంటూ తిరుగుతోంది.

"గిది మా పాటనే బిడ్డా. గని గింత జల్దిన ఒడిసిందేంది?" అంది.

ప్లేటు మీద అంతే పడుతుందమ్మా అని చెప్పాను. 78 ప్లేటయితే ఒక వైపు మూడు నిమిషాలు, ఇదీ ఇంచుమించు అంతే.

"జొన్నలే నలగవు గంతల. ఇంక అత్త ఊసే రాలే, తల్లిగారింటికాడికి పోనే పోలే. పిల్ల ఇంక ఏడ్వనే ఏడ్వలే. ఆమె మంచిగ పాడింది, గొంతు మంచిగున్నది. గని పని లేనోళ్ళ పాట తీర్గ పాడింది."

ఇంతకంటే మంచి సంగీత విమర్శ నేను చదవలేదు. మూడు నిమిషాల హద్దు వల్ల పాటలోంచి ఏం పోయిందో ఆమె ఒక్కొక్కటి వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. ప్లేటు మీద ఉంచింది మొదటి నాలుగు చరణాల సరసం. కోసేసింది అత్తింటి ఆకలి, తల్లిగారింటి తలపు. సినిమా నిడివికీ, కంపెనీ నిడివికీ సరిపోయేలా కత్తిరించినప్పుడు ఏ ముక్క నేలపాలవుతుందో మనకి తెలుసు కదా.

టేపురికార్డరు తెచ్చాను కాబట్టి పాడమన్నాను. ఇసుర్రాయి ముందు కూర్చుంటే తప్ప రాదంది. మూలకు పడి ఉన్న రాయిని కోడలూ మనవరాలూ దొర్లించుకొచ్చారు. జొన్నలు లేవు, రేషన్ బియ్యం పోశారు. పాట మొదలయ్యే ముందు, గౌహర్ జాన్ గుర్తొచ్చి, "అమ్మా, ముందుగాల నీ పేరు చెప్పు" అన్నాను. ఫలానా ఆయన భార్యనన్నది. అది కాదమ్మా, నీ పేరు అన్నాను. ఫలానా ఊరి ఫలానా ఆయన బిడ్డనన్నది. మనవరాలు కిసుక్కున నవ్వింది. మూడోసారి అడిగితే కొంగు సవరించుకుని తన పేరు చెప్పింది. నాలుగు అక్షరాలు. "టేపుల ఉండనియ్యి, పుస్తకాల ఎయ్యకు" అన్నది కాబట్టి ఇక్కడ రాయడం లేదు. టేపు పెట్టె మీద మాత్రం పాట పేరుకంటే పెద్ద అక్షరాలతో రాశాను.

మధ్యలో రెండుసార్లు బియ్యం పోయడానికి ఆగింది. ఒకసారి కళ్ళు తుడుచుకోవడానికి ఆగింది. పాట మొత్తం ఇరవై రెండు నిమిషాలు నడిచింది. 78 ప్లేట్లయితే నాలుగు కావాలి.